గరుకు వైపు

గడచిన ఏడు రోజుల్లో
మీ వేళ్ళలో తిమ్మిరి ఎంత?
అసలు లేదు, కొంచెం, ఓ మాదిరి, బాగా, భరించలేనంత.
ఐదు గళ్ళు. ఒక్కదాంట్లోనే టిక్కు.

మతుజీన్యుష్ రేవుకి ఎదురుగా
ఆస్పత్రి రెండో అంతస్తులో కిటికీ సరిగా పడదు.
ఉత్తరపు గాలి వచ్చి కాగితాల్ని లేపుతుంటే
స్టేప్లర్ బరువు పెట్టి అడుగుతుంటాను.
అడగడమే నా ఉద్యోగం.
ప్రశ్నని ఉన్నదున్నట్టు చదవాలి,
తల ఊపకూడదు,
జవాబు తడబడితే చెయ్యి అందివ్వకూడదు.

దెవొలిందా
ముప్ఫై ఎనిమిదేళ్ళు సార్దీన్ల ఫ్యాక్టరీలో
డబ్బాలకి కాగితం చుట్టింది.
పడవ వచ్చిందని సైరన్ కూస్తే
ఉడుకుతున్న సూపుని ఉడుకుతుండగానే వదిలి పరిగెత్తేదట.
క్యాన్సర్ని తరిమిన మందు
పోతూ పోతూ ఆమె వేలికొసల్ని కూడా పట్టుకుపోయింది.

"కాగితానికి ఓ గరుకు వైపు, ఓ నున్న వైపు.
చీకట్లో ఇచ్చినా చెప్పేదాన్ని.
ఇప్పుడు చేతిలో కాగితం ఉందో లేదో
కళ్ళని అడిగి తెలుసుకుంటున్నా.
ఉప్పులో పడ్డ చేపలు నా వేళ్ళు,
ఆకారం ఉంది, ప్రాణం లేదు.
ఇది ఏ గడి, పిల్లా?"

గళ్ళన్నీ మళ్ళీ చదివాను, అదే గొంతుతో.
"బాగా" అంది.
టిక్కు పెట్టేలోపు పెన్ను రెండుసార్లు జారింది.
పెన్ను జారడానికి గడి లేదు.

సీసాలో ఉన్నది మందో, మందు వేషం వేసిన పిండో
ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు.
మూత మీద ఒక నెంబరు, అంతే.

ఆరో నెల.
గుండీలు పెట్టుకోవడంలో ఇబ్బంది?
"అసలు లేదు."
సీసా మూత తిప్పడంలో?
"అసలు లేదు."
సూదిలో దారం?
"లేదంటున్నానుగా."
తెర మీద గీత మెట్లు దిగింది.
ఆ సాయంత్రం ట్రామ్ ఎక్కకుండా
సముద్రం పక్కనే నడిచి ఇంటికెళ్ళాను.

తొమ్మిదో నెల, తడిసి ముద్దై వచ్చింది.
కోటు విప్పబోతే
గుండీలు లేవు.
అన్నీ కత్తిరించి జిప్పు వేయించుకుంది.
"చొక్కాలు కోడలికిచ్చేశా.
మూతలు పక్కింటి ఫిర్మీను తీస్తాడు.
కుట్టుపెట్టె అటకెక్కింది.
ఇబ్బంది ఉందా అన్నావు, లేదన్నాను.
అబద్ధమా?"

కాదు.
అందుకే భయమేసింది.
చేసే పనే లేకపోతే
పనిలో కష్టం ఎక్కడుంటుంది?
ఆమె ఒక్కొక్కటే వదులుకుంటూ వచ్చింది,
మేము కింద కూచుని
నయం, నయం అని లెక్క రాసుకున్నాం.

పోర్టోలో మీటింగు, పదకొండు మంది.
"ఒక్క మనిషి మాట ఉదాహరణే, కొలత కాదు"
అన్నాడు గణాంకాల వెనాన్సియు.
తప్పేం అనలేదు. నేనూ ఆ మాట మీదే
ఆరేళ్ళుగా జీతం తీసుకుంటున్నాను.
అయినా అడిగాను:
ఈ ఏడు రోజుల్లో మీరు చెయ్యడం మానేసిన పని ఏది?
ఈ ప్రశ్న చేర్చలేమా?
గంటన్నర మాట్లాడుకున్నారు.
కాఫీ చల్లారింది.
చివర్న చేరిన వాక్యం: తదుపరి పరిశీలనకు.

ఆఖరి రోజు
సంచిలోంచి పసుపు కాగితం చుట్టిన డబ్బా తీసి
ఫారం పక్కన పెట్టింది.
"పది సెకన్ల పని, నలభై నిమిషాలు పట్టింది.
ఆ మూల లేచింది చూడు, సిగ్గుగా ఉంది.
కానీ గరుకు వైపు లోపలికి తిప్పానే,
అది కళ్ళు మూసుకుని తిప్పాను.
కాస్త తెలిసింది.
నీ మందో, నా మొండితనమో
ఆ నెంబరునే అడుగు."

ఇంకేమైనా చెప్పదలచుకున్నారా
అన్నచోట రెండు గీతల జాగా.
గరుకు కాస్త తెలుస్తోంది, అని
ఆమె మాటల్లోనే రాసి, మళ్ళీ చదివి వినిపించాను.
తల ఊపింది.
నేనూ ఊపాను, ఊపకూడదు.

కిటికీలోంచి గాలి.
ఫారాలు ఎగరకుండా
ఈసారి డబ్బా పెట్టాను.